గుట్టలు పైకి జరుగుతాయి

ఏప్రిల్‌లో మేరీ జేన్ కొండ మీద నిలబడి కిందికి చూస్తే నున్నటి మంచు కనిపించదు. వాలు పొడవునా ఒకదాన్నానుకుని ఒకటి మంచుగుట్టలు, వాటి నడుమ లోతైన గాడులు. స్కీయింగ్ చేసేవాళ్లు వీటిని మోగుల్స్ అంటారు. పిల్లల నోట ‘బంప్స్’. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్‌కు పడమట ఉన్న వింటర్ పార్క్ రిసార్టులో మేరీ జేన్ ఒక భాగం. 1928లో తెరిచిన మోఫట్ సొరంగం కొండ గర్భంలో సుమారు పది కిలోమీటర్లు సాగి, ఈ రిసార్టు దగ్గరే బయటపడుతుంది. డెన్వర్‌లో ఉంటున్న మాలాంటి తెలుగువాళ్లకు ఇది వారాంతంలో వెళ్లి రాగల దూరం. మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఈ వసంతంలో ఒక శని, ఆదివారాలు ఇద్దరం ఆ గుట్టల మీదే గడిపాం.

ఈ గుట్టల్ని ఎవరూ పోయలేదు. మిగతా వాలులను రాత్రిపూట యంత్రాలతో చదును చేస్తారు. కొన్నిటిని మాత్రం కావాలనే వదిలేస్తారు. మొదట వచ్చినవాడు ఎక్కడో ఒకచోట మలుపు తిరుగుతాడు. స్కీల అంచు కోసిన మంచు పక్కన పోగవుతుంది. వెనకాల వచ్చేవాడు ఆ పోగు చుట్టూనే తిరుగుతాడు, అతని వెనకవాడూ అంతే. గాడి లోతవుతుంది, గుట్ట లేస్తుంది. కొంతకాలానికి ఆ వాలు మీద ఎవరు దిగినా ఆ దారినే దిగాలి. చేసిందే మళ్లీ చేయగా మనసులో పడే సంస్కారాల గురించి పెద్దలు చెప్పినది నాకు ఇంత స్పష్టంగా ఎక్కడా కళ్లకు కట్టలేదు.

ఇంకో వింత ఉంది. కొలరాడోకు చెందిన డేవిడ్ బార్, టాడ్ ఫెఫర్ తదితర శాస్త్రవేత్తలు ఇదే వింటర్ పార్క్ వాలుల్లో ఈ గుట్టల్ని గమనించి, 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. మనుషులూ మంచూ కిందికే జారుతుంటే గుట్టలు మాత్రం పైకి జరుగుతాయని తేల్చారు. రోజుకు సుమారు 8 సెంటీమీటర్లు, సీజన్ మొత్తానికి దాదాపు 10 మీటర్లు. కారణం చాలా సులువు. గుట్ట దాటుతూ మనం దాని దిగువ వైపు మంచును గీకేస్తాం. ఆ మంచు వెళ్లి కింద ఉన్న గుట్ట ఎగువ వైపు అంటుకుంటుంది. అలా ప్రతి గుట్టా కింద తరుగుతూ పైన పెరుగుతూ, దిగి వచ్చేవాళ్లకు ఎదురు నడుస్తుంది.

ఇప్పుడు అనుభవానికి వచ్చే పాత కర్మ ప్రారబ్ధం, ఇప్పుడు చేస్తూ ముందుకు పోగేసేది ఆగామి. నాకు ఇందులో రెండూ కనిపించాయి. ఎదురుగా ఉన్న గుట్ట నేను రాకముందే సిద్ధంగా ఉంది, తప్పించుకోలేను. కానీ దాన్ని దాటేటప్పుడు నేను గీకే మంచు తర్వాత వచ్చేవాడి గుట్టలో చేరుతుంది. ఆ వచ్చేది నా కూతురే కావచ్చు.

వసంతంలో మంచుకు తనదైన వేళ ఉంటుంది. పగలు కరిగిన నీరు రాత్రి గడ్డకట్టి, పొద్దున్నే గుట్టలు ఇనుములా ఉంటాయి. ఎండెక్కాక పైపొర మెత్తబడి స్కీ అంచు పట్టు దొరుకుతుంది. మధ్యాహ్నం దాటితే మంచు బరువెక్కి కాళ్లు లాగేస్తుంది. అందుకని పొద్దున ఆగాలి. బూట్లు బిగించుకున్న పిల్లను ఆపడం తేలిక కాదు. “ఇంకా ఎంతసేపమ్మా?” అంటుంది. ఎండను తొందరపెట్టే మార్గం లేదు. ఆధ్యాత్మిక సాధనలోనూ ఇలాంటి నిరీక్షణను ఖాళీ సమయంగా లెక్కవేయకూడదని నా నమ్మకం.

అసలు సంగతి గుట్టల్లో దిగాకే తెలుస్తుంది. నిటారు వాలు చూడగానే శరీరం భయంతో కొండవైపు, అంటే వెనక్కి, వాలుతుంది. అది క్షేమమనిపిస్తుంది. నిజానికి అక్కడే ప్రమాదం. బరువు మడమల మీదికి పోతే స్కీల ముందు కొనలు తేలిపోతాయి, మాట వినవు, వేగం పెరుగుతుంది. పిక్కల ముందు ఎముక బూటును నొక్కేలా, ఏ లోతు భయపెడుతోందో ఆ లోతుకే ఒళ్లు అప్పగిస్తే స్కీలు తిరుగుతాయి. గీత పదహారో అధ్యాయంలో దైవీ సంపదను చెబుతూ కృష్ణుడు అన్నిటికన్నా ముందు అభయాన్ని పెట్టాడు. దానం, తపస్సు, అహింస, సత్యం ఆ తర్వాతే వస్తాయి. ఎందుకలా అని చాలాకాలం ఆలోచించాను. ఈ వాలు మీద నాకు సమాధానం దొరికింది. మోకాళ్లెలా వంచాలో, చేతులెక్కడ ఉంచాలో, రెండు మూడు గుట్టల ముందుకి ఎలా చూడాలో మా అమ్మాయికి అన్నీ తెలుసు. ఒక్కసారి వెనక్కి వాలితే అందులో ఏదీ అక్కరకు రాదు.

సమత్వాన్ని కూడా మనం రాయిలా బిగుసుకోవడం అనుకుంటాం. బిగిసిన కాళ్లను గుట్ట ఎగరేసి పడేస్తుంది. బాగా దిగేవాళ్లను చూడండి. గుట్ట ఎక్కగానే మోకాళ్లు ముడుచుకుంటాయి, గాడిలో చాచుకుంటాయి. భుజాలూ తలా మాత్రం కదలకుండా దిగువకే చూస్తుంటాయి. అడుగున అంత కదలిక ఉండబట్టే పైన ఆ నిలకడ.

మరి కన్నవాళ్లు ఎక్కడ ఉండాలి? ముందు దిగితే బిడ్డకు దారి తెలుస్తుంది, కానీ తను పైన పడిపోతే ఆ వాలు ఎక్కి వెళ్లడం కష్టం. వెనక ఉంటే పడినచోటికి జారుకుంటూ చేరొచ్చు, దారి మాత్రం చూపలేం. రెండూ ఒకేసారి కుదరవు. వెనక ఉన్నప్పుడు ఇంకో చిక్కు: పైనుంచి అమ్మ “జాగ్రత్త!” అని అరిస్తే, బిడ్డ వెనక్కే వాలుతుంది. తల్లి భయం క్షణంలో బిడ్డ మడమల్లోకి దిగుతుంది. మన భక్తిలో, పెంపకంలో ప్రేమ పేరుతో చెలామణి అయ్యే భయం ఎంతో ఉంది. మొక్కుల్లో కూడా ఎక్కువ భాగం అదేనేమో.

శనివారం నేను ముందు దిగాను, తను నా గాడిలో వచ్చింది. ఆదివారం నాకు మార్చిలో బాగా అలవాటైన వరుసలోకి తీసుకెళ్దామనుకున్నాను. ఆ వరుస అక్కడ లేదు. గుట్టలు జరిగిపోయాయి. “అమ్మా, ఎడమవైపు చూడు, అటు బాగుంది” అంది. నేను ఎన్నుకునే దారి కాదది. ఇంకాస్త నిటారుగా ఉంది. సరేనన్నాను. తను దిగింది, మధ్యలో ఒకచోట పడింది, లేచి మంచు దులుపుకుని మిగతాది దిగింది. తను పడినచోట నేనూ మలుపు కష్టంగానే తిరిగాను.