మనసుంటే చాలదా?

నేను ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదువుతున్నానంటే మా ఇళ్లలో పెద్దవాళ్లు తరచూ ఒకే మాట అడుగుతారు. "సాయం చెయ్యడానికి చదువెందుకమ్మా? మనసుంటే చాలదా?" ఈ ప్రశ్నను నేనెప్పుడూ కొట్టిపారెయ్యలేదు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టడానికి ఎవరూ డిగ్రీ చెయ్యరు. దయ అన్నది పుట్టుకతోనో పెంపకంతోనో రావాలి గానీ సిలబస్‌లోంచి ఎలా వస్తుంది? విశాఖలో క్లాసులకీ ఫీల్డ్ వర్క్‌కీ మధ్య తిరుగుతూ నేను చేరుకున్న జవాబు ఇది: మనసు కావాలి, కానీ అదొక్కటే చాలదు. నేర్పు లేని దయ ఎదుటి మనిషి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోతుంది. చేసిన పనిని మళ్లీ మళ్లీ తరచి చూసుకుంటే తప్ప ఆ నేర్పు అబ్బదు. అందుకే ఆ తరచి చూసుకోవడాన్ని నేను దయలో భాగంగానే లెక్కేస్తాను.

సముద్రం పక్కన ఒక మత్స్యకార వాడలో క్షయ రోగుల ఇళ్లకు వెళ్లడం నా ఫీల్డ్ వర్క్‌లో ఒక భాగం. అక్కడొక అక్క ఉంది, ఎండుచేపలు అమ్ముకుంటుంది. ఆమె పేరు, ఇంటి ఆనవాళ్లు రాయను. మందు వేసుకోవడంలో తేడా వస్తోందని ఆశా కార్యకర్త చెబితే వెళ్లాను. మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి, రోజూ వేసుకోవాలి. మధ్యమధ్యలో మానేస్తే క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి. ఆమె ఇంట్లో గూట్లో ఉన్న అట్టల్లో మాత్రలు మిగిలిపోయి కనిపించాయి. ఎందుకక్కా అంటే, "నా కరమమ్మా, ఏటి సేస్తాం" అంది. కాసేపయ్యాక మళ్లీ అదే మాట.

ఇంటికొచ్చి ప్రాసెస్ రికార్డింగ్ రాశాను. సోషల్ వర్క్ విద్యార్థులందరికీ తెలిసిన పనే. ఒక గడిలో ఎవరు ఏమన్నారో అన్నది అన్నట్టు రాయాలి. పక్క గడిలో అప్పుడు మన మనసులో ఏం మెదిలిందో రాయాలి. మూడో గడి సూపర్‌వైజర్‌ది. మా సూపర్‌వైజర్ మేడం అది చదివి, "కర్మ అన్న మాట వచ్చేముందు దేని గురించి మాట్లాడుకుంటున్నారు?" అని అడిగారు. కాగితం మళ్లీ చూశాను. రెండుసార్లూ ఆ మాట ఒకే చోట వచ్చింది. నాలుగైదు ఇళ్లకు కలిపి ఉన్న బాత్రూం ప్రస్తావన రాగానే ఆమె కర్మ అని మాట ముగించేసింది.

మళ్లీ వెళ్లినప్పుడు, "అక్కా, బాత్రూం దగ్గర ఏమైనా ఇబ్బందా?" అని అడిగాను. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది. మాత్ర వేసుకున్న రోజు ఒంటికి వెళ్తే ఎర్రగా వస్తోందట. రక్తమనుకుంది. పక్కింటివాళ్లు చూస్తే జబ్బు సంగతి వాడంతా పాకుతుంది, కూతురికి సంబంధాలు చూస్తున్నారు. అందుకని జనం మసిలే రోజుల్లో మాత్ర మానేస్తోంది. రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ ఎరుపుకు మారుతుంది, దానివల్ల హాని లేదు. ఈ ఒక్క సంగతీ ఆమెకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మానేసిన రోజుల లెక్క చెప్పాం, చికిత్స ఎలా కొనసాగించాలో ఆయన నిర్ణయించారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఆమె కర్మ అన్నప్పుడు నేను ఏం చెయ్యాలి? అది తప్పని వాదించాలా? నాకలా అనిపించదు. కష్టంలో ఉన్న మనిషికి ఆ మాట ఒక ఆసరా కావచ్చు, చెప్పుకోలేని భయానికి చాటు కావచ్చు. ఆమె మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి వెళ్తానని మొక్కుకుంది. మొక్కుకీ మాత్రకీ పేచీ ఏముంది? కష్టపడుతున్న మనిషి నా కర్మ అనుకోవచ్చు. పక్కన నిలబడ్డ నాకు మాత్రం "ఆమె కర్మ" అనే హక్కు లేదు. అదే సూత్రం చదువుకున్నవాళ్ల మాటలకూ వర్తిస్తుందని నా నమ్మకం. "ఆమె మూఢనమ్మకం", "ఆమె అజ్ఞానం", మందు మానేసినవాళ్ల గురించి ఒకప్పుడు రిజిస్టర్‌లో రాసిన "డిఫాల్టర్", ఇవన్నీ కొత్త బట్టలు కట్టిన పాత మాటలే. ఆ మాట అనేశాక ఇక ఆ మనిషి గురించి తెలుసుకోవాల్సింది ఏమీ మిగల్లేదని మనసు సర్దుకుంటుంది.

ఇలా సర్దుకోకుండా ఉండటానికి పనికొచ్చే ఒక సాధనను బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పాడు. మజ్ఝిమ నికాయం అనే బౌద్ధ గ్రంథంలో ఆ బోధ ఉంది. అద్దం ఎందుకని అడిగి, అద్దంలో చూసుకున్నట్టే ప్రతి పనినీ చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోమన్నాడు. దానివల్ల నీకు గానీ ఇతరులకు గానీ బాధ కలుగుతుందా అన్నదే పరీక్ష. 1983లో అమెరికాలో డొనాల్డ్ షాన్ అనే పండితుడు వృత్తి నిపుణుల గురించి రాస్తూ, పని నడుస్తుండగా చేసే ఆలోచన, పని ముగిశాక చేసే ఆలోచన అని విడదీశాడు. మా క్లాసులో షాన్‌ని పాఠంగా చెబుతారు. రాహులుడి పాఠాన్ని పక్కన పెట్టుకుని చదివితే నాకు షాన్ మాట ఇంకా లోతుగా అర్థమైంది. ఎందుకంటే రాహులుడి పాఠంలో ఆలోచనకు గురి నా ప్రతిభ కాదు, నాకో ఎదుటివాడికో కలిగే బాధ.

మరి దుఃఖం సంగతి? రోగి ఇంటికి వెళ్లొచ్చి ఏడవని విద్యార్థులు అరుదు. బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గంలో మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు గుణాల్లో ఒక్కోదానికీ ఒక దూరపు శత్రువు, ఒక దగ్గరి శత్రువు ఉంటాయంటాడు. కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం. దగ్గరి శత్రువు శోకం, అది కరుణలాగే కనిపిస్తుంది. ఉపేక్షకు దగ్గరి శత్రువు ఏమీ పట్టనితనం. 1957లో ఫెలిక్స్ బీస్టెక్ అనే జెసూట్ గురువు కేస్‌వర్క్‌కు ఏడు సూత్రాలు చెప్పినప్పుడు, వాటిలో అదుపులో ఉన్న భావోద్వేగాన్ని ఒకటిగా పెట్టాడు. ఇద్దరూ చూపించిన దారి ఇరుకైనదే. నేను శోకంలో మునిగితే ఆ అక్క నన్ను ఓదార్చాల్సి వస్తుంది. నాకేమీ పట్టకపోతే ఆమె తలుపు వెయ్యదు, మాట చెప్పదు.

ఇంత లోచూపు స్వార్థం కాదా అని ఒక స్నేహితురాలు అడిగింది. తనని తాను ఒంటరిగా తవ్వుకుంటే ఆ ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే బౌద్ధ సంఘంలో ప్రవారణ ఉంది. వానాకాలం ఒకేచోట గడిపే వర్షావాసం ముగిశాక ప్రతి భిక్షువూ సంఘం ముందు కూర్చుని, నాలో మీరు చూసిందీ, విన్నదీ, అనుమానించిందీ చెప్పండని కోరాలి. భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కి పాత బౌద్ధ విహారాల పునాదుల మధ్య నిలబడితే నాకు ఆ ఆచారమే గుర్తొస్తుంది. మా సూపర్‌విజన్ కూడా అలాంటిదే కావాలి. మూడో గడి ఖాళీగా ఉంటే మొదటి రెండు గడులూ నా మాటలే నాకు వినిపిస్తాయి.

నేర్పు అంటే లోచూపు ఒక్కటే కాదని కూడా చెప్పాలి. నిక్షయ్ పోషణ్ పథకం కింద క్షయ రోగికి పోషకాహారం కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. ఆ అక్క ఖాతాకు ఆధార్ జతకాక డబ్బు పడలేదు. బ్యాంకులో ఏ ఫారం నింపాలో తెలియకపోతే నా కరుణ ఆమె ఇంట్లో ఒక గుడ్డు కూడా ఉడికించదు. చట్టం, పథకం, మందు గురించి తెలుసుకోవడం కూడా ధర్మమే.

తోటి విద్యార్థులకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. రికార్డింగ్‌ను మార్కుల కోసం రాసే కాగితంగా చూడొద్దు. అందులో మన గురించి ఎంత రాసుకున్నా, చివర ఒక ప్రశ్న ఉండాలి: ఈసారి వెళ్లినప్పుడు ఈ మనిషిని ఏం అడగాలి? ఆ ప్రశ్న దొరకలేదంటే, ఆ మనిషి గురించి మనం అప్పుడే ఒక తీర్పు ఇచ్చేసి ఉంటాం. ముందు ఆ తీర్పును వెతికి పట్టుకోవాలి.