జూదరియు అతని పొరుగువాడును

జూదములో సమస్తమును పోగొట్టుకొనిన సహోదరుడొకడు రాత్రివేళ తలుపు తట్టి అప్పు అడిగినయెడల విశ్వాసి ఏమి చేయవలెను? ఇచ్చిన ధనము మరల ఆటకే పోవచ్చును. ఇయ్యక తలుపు మూసినయెడల ఆ మనుష్యుడు ఒంటరిగా చీకటిలోనికి వెళ్లును. కనికరమునకును వివేకమునకును మధ్య కలుగు ఈ సందిగ్ధమును కన్నీటితో ఎదుర్కొను గృహములు క్రైస్తవ సంఘములోను కలవు.

జూదము ధనాపేక్షవలననే పుట్టునని సాధారణముగా తలంచుదురు. అది సగము సత్యమే. దుఃఖమును, శూన్యతను కొంతసేపు మరచుటకై ఆడువారును కలరు. ఆడినవాడు పోయినదానిని దాచుటకు అబద్ధమాడును. అబద్ధము బయటపడకుండుటకై ఆప్తులనుండి తొలగిపోవును. తొలగినకొలది ఆటయే అతనికి మిగిలిన తోడగును. ఈలాగు ఒంటరితనము జూదమునకు కారణమును, ఫలమును కూడ అగుచున్నది.

రష్యా నవలాకారుడైన దోస్తొయెవ్‌స్కీ జీవితము ఇందుకు సాక్ష్యము. 1864లో కొన్ని నెలల వ్యవధిలో ఆయన భార్యయు, అన్నయు మరణించిరి. అన్నగారి అప్పులును, కుటుంబభారమును ఆయనమీద పడెను. అంతకు మునుపే రూలెట్ ఆట రుచి మరిగిన ఆయన, 1865లో జర్మనీదేశపు వీస్‌బాడెన్ పట్టణములో చేతనున్నదంతయు పోగొట్టుకొని, హోటలు గదిలో భోజనమునకు సహితము గతిలేక చిక్కుకొనెను. 1867లో ఆన్నా అను యువతిని వివాహమాడిన తరువాతను ఆ వ్యసనము విడువలేదు. ఆమె నగలు తాకట్టుకు పోయెను. ఆయన ఏడ్చెను, ప్రమాణము చేసెను, మరల ఆడెను. ఇది కేవలము మనోబలము లేకపోవుట కాదనియు, ఒక రోగమనియు ఆమె గ్రహించెను. 1871 ఏప్రిల్‌లో వీస్‌బాడెన్‌లో మరియొకసారి ఓడిపోయి, ఆయన తన దోషమంతయు ఆమెకు ఉత్తరములో ఒప్పుకొనెను. అటుపిమ్మట 1881లో మరణించువరకు ఆయన జూదమాడలేదు.

ఈ వృత్తాంతమునుబట్టి, నగలు తాకట్టు పెట్టుటయే ప్రేమ అని ఏ భార్యయు నేర్చుకొనకూడదు. నాలుగు సంవత్సరములు ఆ నగలు ఆటనే పోషించెను గాని ఆటగానిని విడిపింపలేదు. అయితే ఓడిన ప్రతిసారియు సత్యమును వ్రాసి పంపుటకు ఆయనకొక మనిషి యుండెను. ఆ సంబంధము తెగలేదు.

1957లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున ఇద్దరు జూదరులు ఒకరినొకరు కలిసికొని, తమ బాధలు చెప్పుకొనసాగిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో ప్రారంభమైన కూటమి నేడు గాంబ్లర్స్ అనానిమస్ అను పేరుతో అనేక దేశములలో నున్నది. అచ్చట ఒకడు మాటలాడగా, అదే అబద్ధమును తానును ఆడియున్నవారు వినుదురు. అప్పులను దాచక వ్రాసి, స్వంత సంపాదనతో కొంచెము కొంచెముగా తీర్చుకొమ్మని ప్రోత్సహింతురు.

అపొస్తలుడైన పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో ఈ రెండును కలిసియున్నవి. రెండవ వచనములో సహోదరుని భారమును పంచుకొమ్మనుచు, అయిదవ వచనములో ఎవని బరువు వాడు మోయవలెనని ఆయన బోధించుచున్నాడు. గ్రీకు మూలములో ఇవి రెండు వేర్వేరు పదములు. తెలుగు బైబిలును ఒకచోట భారమనియు, మరియొకచోట బరువనియు వాటిని వేరుపరచినది. మొదటిది మనుష్యుని నలుగగొట్టునది. రెండవది ప్రయాణికుడు తానే మోయవలసిన మూట. జూదరి సిగ్గు, భయము, ఏకాంతము భారములు. వాటిని సంఘము పంచుకొనవలెను. అతని అప్పు అతని బరువు. దానిని తీసివేయుట అతని స్వస్థతలో ఒక భాగమును తీసివేయుటయే.

ఆన్‌లైను జూదమును తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించెను; ధనము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలకు విరోధముగా 2025లో పార్లమెంటు చట్టము చేసెను. ఇవి మేలైన కార్యములు. అయినను ఊడ్చి అమర్చబడి ఖాళీగానున్న ఇంటికి వెళ్లిపోయిన అపవిత్రాత్మ మరి యేడింటితో తిరిగివచ్చునని ప్రభువు హెచ్చరించెను (మత్తయి 12). చట్టము తలుపు మూయగలదు, ఇంటిని నింపలేదు.

కావున రాత్రివేళ తలుపు తట్టినవానికి తలుపు తీయవలెను. అప్పు ఇయ్యనని మృదువుగా చెప్పి, అన్నము పెట్టవలెను. అతని ఇంటనున్నవారు ఆకలిగొనియుండిన, రొక్కము కాక బియ్యము పంపవలెను. అతడు చెప్పు సత్యమును, అది యెంత వికారమైనను, కూర్చుండి వినవలెను. జీతము ముట్టిన సాయంకాలము అతనితోకూడ ఇంటివరకు నడువవలెను. అతడు మరల పడినయెడల, మరల తలుపు తీయవలెను. ధనమిచ్చి పంపివేయుటకంటె ఇది కష్టతరము. ఏలయనగా ధనమిచ్చువాడు ఒక్క దినమే ఇచ్చును, తోడు నడచువాడు తన దినములనే ఇచ్చును.