బొమ్మల సేన - మనుజుని ముఖము

మానవుడు దేనితో ఆడుకొనునో దానినిబట్టి అతని హృదయమును కొంతవరకు గ్రహింపవచ్చును. యుద్ధమువంటి ఘోరకార్యమును సైతము అతడు ఆటవస్తువుగా మార్చుకొనినాడు. చదరంగమునకు మూలమైన చతురంగమను పేరే ఏనుగులు, రథములు, గుఱ్ఱములు, కాల్బలము అను నాలుగంగముల సేనను తెలుపుచున్నది. ఈజిప్టు దేశమున అస్యూత్ వద్ద మెసెహ్తి అను అధికారి సమాధిలో సుమారు 4,000 సంవత్సరములనాటి కొయ్యసేన లభించినది. 40 మంది ఈటెలవారును, 40 మంది నూబియా విలుకాండ్రును నలుగురేసి వరుసలుగా నడచుచున్నట్లు చెక్కి, వారికి రంగులు వేసియున్నారు. శిల్పి ఆ భటులనందఱిని ఒకే ఎత్తున చెక్కలేదు. నిజమైన మనుష్యులలోవలె పొట్టివారును పొడగరులును అందు కలరు.

ఆ ముచ్చట నేటికిని నిలిచియున్నది. అంగుళమంత యెత్తున లోహముతోనో ప్లాస్టికుతోనో పోసిన భటుల బొమ్మలను కొని, రోమనులకో, పారసీకులకో, మౌర్యులకో తగిన రంగులు వేసి, బల్లపై బారులు తీర్చి, పాచికలు వేయుచు ప్రాచీనయుద్ధముల నాడువారు అనేక దేశములలో కలరు. ఇంగ్లండున 1969లో వార్ గేమ్స్ రీసెర్చ్ గ్రూపు వారు ఇట్టి యుద్ధములకు ప్రత్యేకముగా ఒక నియమావళిని ప్రకటించిరి. ధర్మచింతకునకు ఇచ్చట ఒక సందేహము కలుగును. హింసను ముద్దుగా చేసి చూపు ఈ వినోదము మనస్సును మొద్దుబార్చదా?

చరిత్ర ఈ ప్రశ్నకు రెండు విధములైన సమాధానముల నిచ్చుచున్నది. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ ప్రకటించిన యుద్ధక్రీడ అచ్చటి సేనాధికారుల శిక్షణలో చేరెను. ఆట నిజయుద్ధమునకు పాఠశాల యైనది. 1913లో ఆంగ్లరచయిత ఎచ్.జి. వెల్స్ బొమ్మభటుల యుద్ధమునకు నియమములు వ్రాసి 'లిటిల్ వార్స్' అను పుస్తకముగా వెలువరించెను. ఈ చిన్నయుద్ధము నాడి చూచినవానికి పెద్దయుద్ధము ఎంత తెలివిమాలిన పనియో బోధపడునని అతని తలంపు. మరుసటి యేటనే ఐరోపా మహాసంగ్రామమున మునిగెను. ఒకే ఆట ఒకరికి యుద్ధవిద్యయు, మరియొకరికి యుద్ధవిరక్తియు నైనది. కావున గుణదోషములను బొమ్మయందు గాక, దానిని చూచు చూపునందు వెదకవలెను.

ఈ క్రీడలో రెండు చూపులు కలవు. మొదటిది కుంచె చూపు. ఒకే అచ్చులో పోసిన నూఱు బొమ్మలు ఒకే ముఖముతో వచ్చును. చిత్రించువాడు వానిని ఒక్కొక్కటిగా చేతబట్టి, పోతగీతలను ఆకురాయితో రాచి, తొలిపూత పూసి, దేహవర్ణము వేసి, వస్త్రపు మడతలలో నీడను, ముక్కుపై వెలుగును దిద్దును. ఒకని గడ్డము నెరయును. ఒకని ఉత్తరీయము వెలయును. ఒకని డాలుపై పాతగాటు కనబడును. కొంతసేపైనను ఆ యొక్క భటుడే అతనికి లోకమగును.

రెండవది బల్ల చూపు. ఆట మొదలైన పిమ్మట కావలసినది సంఖ్య. ఎందఱు మిగిలిరి? ఎందఱిని తీసివేయవలెను? ఎందఱిని పోగొట్టుకొనినచో గెలుపు దక్కును? 15 మిల్లీమీటర్ల చిన్నబొమ్మలకు పలువురు కన్నులే దిద్దరు. ఆడువాడు నిలుచు దూరమునుండి అవి కనబడవని వారి వాదము. చిత్రలేఖనమున ఆ వాదము సరియైనదే. కాని జీవితమున అదే వాదము ఎంతటి క్రౌర్యమునకు దారితీయును! దూరమునుండి కనబడనంత మాత్రమున మనుష్యునికి కన్నులు లేకపోవునా?

కుంచెను మితిమీరి పొగడుటయు తగదు. మెరయు కవచమును, ఎఱ్ఱని ధ్వజమును మాత్రమే ప్రేమించువాడు యుద్ధమును అలంకరించుచున్నాడు. ఆ బల్లపై గాయపడినవాని మూలుగు లేదు; ఇంటికడ ఎదురుచూచు తల్లి లేదు; పడిన బొమ్మ మరునాడు మరల లేచి నిలుచును. ఈ లోపమును మఱచినవానికి కుంచెయు అంధత్వమునే కలిగించును.

సంఖ్య చేయు మాయను ఒక చిన్న గణితముచే తెలిసికొనవచ్చును. ఈ క్రీడలో ఒక బొమ్మ 20 మంది భటులకు ప్రతినిధి యను లెక్క ప్రసిద్ధము. మహాభారతము చెప్పిన ఒక అక్షౌహిణిలో 21,870 ఏనుగులు, అన్నియే రథములు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 మంది కాల్బంట్లు. ఆ కాల్బంట్లను పై లెక్కన నిలిపినచో 5,467 బొమ్మలగును, పదిమంది మిగిలిపోవుదురు. వారికి బొమ్మ లేదు. లెక్క చూచువాడు వారిని తేలికగా విడిచివేయును. కురుక్షేత్రమున నిలిచినవి 18 అక్షౌహిణులు.

ఇది కేవలము బల్లమీది తర్కము కాదనుటకు మన తెలుగునాట మొదలగు ఒక రహదారియే సాక్షి. విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నమునుండి ఉత్తరముగా సాగు 30వ జాతీయ రహదారి తొలుతనే కొండపల్లిని తాకును. అచ్చటి బొమ్మలవారు తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవముల నతికి, సున్నపుపూతపై రంగులు వేసి అంబారీ యేనుగులను నిలుపుదురు. అదే దారి భద్రాచలము, కోంటా, సుక్మాల మీదుగా బస్తరులోనికి పోయి, జగదల్‌పూరు దాటి కొండగావ్ చేరును. అచ్చటి ఘడ్వా పనివారు మట్టిముద్దపై మైనపుతీగలు చుట్టి, పైన మరల మట్టి మెత్తి, కాల్చి, మైనము కరగిపోయినచోట లోహము పోసి ఏనుగులను, గుఱ్ఱపురౌతులను చేయుదురు. బొమ్మను వెలికితీయుటకు అచ్చును పగులగొట్టవలెను. కావున ఏ రెండును అచ్చముగా ఒకటి కావు.

ఈ రెండు బొమ్మలూళ్ల నడుమ, సుక్మా జగదల్‌పూరుల మధ్య, తోంగ్‌పాల్ కలదు. 2013 మే 25న సుక్మానుండి ఆ దారినే మరలి వచ్చుచున్న రాజకీయనాయకుల వాహనశ్రేణిపై జీరమ్ లోయలో మావోయిస్టులు దాడిచేయగా ఇరువదిమందికి పైగా మరణించిరి. 2014 మార్చి 11న తోంగ్‌పాల్ ఠాణా ప్రాంతమున తాహక్‌వాడా వద్ద, రహదారి పనులకు రక్షణగా వెడలిన దళముపై దాడి జరిగి 15 మంది భటులును ఒక పౌరుడును హతులైరి. మరునాటి పత్రికలో చదువరికి అది ఒక అంకె. బస్తరులో ఏండ్ల తరబడి సాగిన ఆ పోరున ఇరుపక్షముల కూలినవారిలో ఆ యడవిపల్లెల బిడ్డలు పలువురు కలరు. ఒకే నేలపై పెరిగినవారు ఎదురెదురు బారులలో నిలిచిరి. వారిలో ఎవ్వరును మరునాడు లేచి నిలువలేదు.

మహాభారతమున యుద్ధారంభవేళ ఇద్దఱి ప్రవర్తన ఇచ్చట స్మరింపదగినది. వ్యాసుడు ధృతరాష్ట్రునకు చూపు నొసగెదననగా, బంధువధను చూడనొల్లనని అతడు నిరాకరించెను; ఐనను యుద్ధవార్తను పూర్తిగా వినగోరెను. ఫలము కావలెను, ముఖము కనబడరాదు. అర్జునుడో, రథమును ఉభయసేనల మధ్య నిలుపుమని తానే కోరెను. అతనికి అచ్చట అక్షౌహిణులు కనబడలేదు. తాతలు, గురువులు, సోదరులు, పుత్రులు, మిత్రులు కనబడిరి. అతడు వణకెను. శ్రీకృష్ణుడు అతనిని కన్నులు మూసికొమ్మని చెప్పలేదు. ద్వేషమును, ఫలాపేక్షను విడిచి కర్తవ్యము చేయుమనెను. చూచియు చేయవలసినవాడు కర్తవ్యభారము నెఱుగును. చూడకయే చేయించువానికి ఆ భారము తెలియదు. కనుకనే వానికి యుద్ధము సులభముగా తోచును.

లోకరక్షణకై దండము ధరింపవలసినవారు ధరింపక తప్పదు. సేనాపతి లెక్క చూడకుండుటయు సాధ్యము కాదు. కాని లెక్కకు ముందు చూపు ఉండవలెను. లెక్క ముగిసిన పిదపను ఆ చూపు ఆఱిపోరాదు. ఎదుటి సేనయు అదే రంగులపెట్టెలోని దేహవర్ణముతో దిద్దబడినదేనని బొమ్మలవానికి తెలియును. ఆజ్ఞ యిచ్చువారికిని, ఆ ఆజ్ఞను హర్షించువారికిని, మృతుల సంఖ్యను చదివి పుట త్రిప్పు మనకును ఆ పాటి జ్ఞానము వలదా?

మన శిల్పులు విగ్రహమునకు కన్నులను కట్టకడపట తెరతురు. బొమ్మల సేనను దిద్దు బాలుడు కందిగింజంత తలపై ఓర్పుతో రెండు కన్నులు నిలుపగలిగినచో అతని ఆటవలన భయము లేదు. ఆ ఓర్పును పెద్దలు నేర్వవలసియున్నది. సేన యెంత పెద్దదైనను, ఏ బొమ్మలోను చేరక మిగిలిన ఆ పదిమంది పేర్లను అడుగువాడొకడు ప్రతి బల్లచెంతను ఉండవలెను.