వల్దియత్ గడిలో ఏం రాయాలి?

ఆపా పంపిన ఫోటోలో మనుషులెవరూ లేరు. లేత పచ్చ గోడలు, కిటికీ పక్కన చిన్న మంచం, దాని మీద మా ఖాలా కామారెడ్డిలో కుట్టి పంపిన బొంత. ఆపా మా ఖాలా పెద్ద కూతురు. నిఖా అయి చికాగో వెళ్ళి పద్దెనిమిదేళ్ళయింది. పిల్లలు కలగలేదు. ఇండియా నుంచి ఒక బిడ్డను తెచ్చుకోవాలని మూడేళ్ళ కిందట కాగితాలు పెట్టుకున్నారు. అక్కడి ఏజెన్సీ వాళ్ళు ఇంటికొచ్చి చూశారు. ఆదాయమెంత, అప్పులేమన్నా ఉన్నాయా, పోలీసు కేసులున్నాయా, మొగుడూ పెళ్ళాల మధ్య గొడవొస్తే ఎట్లా తీర్చుకుంటారు, అన్నీ అడిగారు. బిడ్డను కనే వాళ్ళను ఎవరూ అడగని ప్రశ్నలు. ఆపా అన్నిటికీ జవాబు చెప్పింది, గది సిద్ధం చేసింది. అప్పట్నుంచీ ఎదురుచూస్తూనే ఉంది.

ఒక రాత్రి ఫోన్లో మాట మధ్యలో అంది. ఉర్దూలో అన్న మాటను తెలుగులో రాస్తున్నాను: "నువ్వు పేపరోడివి గదా. ఎల్లారెడ్డి దిక్కు తండాలల్ల ఆడపిల్లల్ని సాకలేక ఇచ్చేటోళ్ళు ఉంటరంట. నువ్వే ఒక్కసారి అడిగి చూడరాదూ?"

తప్పు అని చెప్పాల్సింది. చెప్పలేదు. మూడేళ్ళు ఖాళీ మంచాన్ని చూస్తున్న మనిషికి చట్టం చెప్పడానికి నోరు రాలేదు. వేరే వార్త పని మీద ఎల్లారెడ్డి వెళ్ళినప్పుడు అక్కడి ఒక అంగన్‌వాడీ టీచర్‌ను అడిగాను. మాట మార్చి మార్చి, ఎవరి కోసమో అన్నట్టు అడిగాను. ఆమె నా మొహం చూసి, "సార్, ఈ మాట నన్నడిగిండ్రు, సరే. ఇంకెక్కడా అడగకండి" అంది. నేను సిగ్గుపడ్డాను. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచే వచ్చింది.

సిగ్గు ఎందుకంటే, నాకు తెలియని విషయం కాదు. 2001లో నేను కామారెడ్డిలో బి.ఏ. చదువుతున్నాను. అప్పటికింకా కామారెడ్డి నిజామాబాద్ జిల్లాలోనిదే. (మాకు సొంత జిల్లా 2016లో వచ్చింది.) స్టేషన్ దగ్గరి హోటల్లో పొద్దున ఒక చాయ్ మీద రెండు పేపర్లు చదివేవాణ్ణి, ఒకటి ఉర్దూ, ఒకటి తెలుగు. 1999లోనూ, మళ్ళీ 2001లోనూ హైదరాబాదు దత్తత కేంద్రాల మీద పోలీసులు దాడులు చేశారు. ఆ శిశువుల్లో ఎక్కువమంది లంబాడా ఆడపిల్లలు. నల్గొండ జిల్లా దేవరకొండ వైపు తండాల పేర్లు అప్పుడే దేశానికంతా తెలిశాయి. తల్లుల చేతిలో వందల్లోనో వేలల్లోనో రూపాయలు పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అవతలి దేశంలో బిడ్డ కోసం కాచుకున్న దంపతులు కట్టింది వేల డాలర్లు. మధ్యలో దళారులు. పిల్లల్ని ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం తల్లిదండ్రులు పిల్లల్ని ఇట్లా వదులుకోవడాన్నే నిషేధించింది. అప్పటికే ఫోటో చూసి, పేరు పెట్టుకుని, గది సిద్ధం చేసుకున్న విదేశీ దంపతులు కోర్టుల చుట్టూ తిరిగారు.

ఆ రోజుల్లో నాకు ఆ దంపతుల మీద కోపమే తప్ప ఇంకేమీ లేదు. వాళ్ళు కొనేవాళ్ళు, మావాళ్ళు అమ్ముకునేవాళ్ళు, అంతే. ఇరవై ఏళ్ళు గడిచాక ఆ దంపతులు మా ఖాలా కూతురి రూపంలో నా ఫోన్లోకి వచ్చారు. కోపం నిలబడలేదు. ఐతే దాని స్థానంలో ఏది రావాలో తెలియలేదు.

అంగన్‌వాడీ టీచర్ నన్ను ఊరికే పంపలేదు. పక్క తండాలో ఒక ముసలామె దగ్గరకు తీసుకుపోయింది. ఆమె తన నాలుగో ఆడపిల్లను ఇచ్చేసింది, ఆ రోజుల్లోనే. జీపులో వచ్చినవాళ్ళు ఎవరో ఆమెకు తెలియదు. బిడ్డ హైదరాబాదులోనే ఆగిందో, సముద్రం దాటిందో కూడా తెలియదు. "అమ్ముకున్నవా అని అడుగుతరు సార్. అమ్ముకోలే. ఇచ్చినవా అంటరు. ఇయ్యలే. ఆ పొద్దు నాకు వేరే తొవ్వ దొరకలే" అంది. తర్వాత నన్నే అడిగింది: "దానికేం పేరు పెట్టిండ్రో మీ పేపర్ల రాసిండ్రా?"

ఆమెను చూసి వచ్చాక నాకు ఒక సంగతి అర్థమైంది. ఎదురుచూపు అంటే మనకు ఎప్పుడూ బిడ్డ లేని ఇల్లే గుర్తుకొస్తుంది. బిడ్డ పోయిన ఇల్లు కూడా ఎదురుచూస్తుంది. కడుపులో బిడ్డను మోసేవాళ్ళ ఎదురుచూపులో ఇంకెవరి నష్టమూ లేదు. పెంచుకునే బిడ్డ కోసం చూసే ఎదురుచూపులో ఉంది. ఎక్కడో ఒక తల్లికి ఏదో ఒకటి కూలిపోతే తప్ప ఆ మంచం నిండదు. ఇది పాపం అనడం లేదు. కూలిపోయిన తర్వాత ఆ బిడ్డను ఎవరో ఒకరు ఎత్తుకోవాలి, ఎత్తుకున్నవాళ్ళు మంచివాళ్ళే. ఐతే గది సిద్ధంగా ఉంది కాబట్టి బిడ్డ మాకు బాకీ ఉంది అనే భావం ఎంత తొందరగా వస్తుందో ఆపా మాటలో విన్నాను, ఆ మాటను మోసుకుపోయిన నాలోనూ చూశాను. తయారీ ప్రేమను పెంచుతుంది, నిజమే. దాంతోపాటు హక్కునూ పుట్టిస్తుంది, లేని హక్కును.

ఇక మా మతం సంగతి. ఇస్లాంలో దత్తత లేదు అని మా కామారెడ్డిలో ఏ మసీదు మెట్ల మీద అడిగినా చెప్తారు. సెక్యులర్ మిత్రులూ అదే చెప్తారు, కాకపోతే ఇంకో గొంతుతో. ఇద్దరూ సూరా అహ్‌జాబ్‌లోని ఒక్క ఆయత్ దగ్గరే ఆగిపోతారు. పెంచుకున్న పిల్లల్ని వాళ్ళ కన్నతండ్రుల పేరుతోనే పిలవండి, తండ్రులెవరో తెలియకపోతే వాళ్ళు మీ ధర్మ సోదరులు అని దాని భావం. నోటితో కొడుకూ అన్నంత మాత్రాన కొడుకు కాడని దాని ముందరి ఆయత్ అంటుంది. మా ఉర్దూలో పెంచుకున్న కొడుకును 'ముంహ్ బోలా బేటా' అనే అంటాం, నోటి మాటతో కొడుకైనవాడు.

ఆ ఆయత్ వెనక ఒక తండ్రి ఉన్నాడు. జైద్ అనే పిల్లవాణ్ణి దోపిడీగాళ్ళు ఎత్తుకుపోయి బానిసగా అమ్మారు. చేతులు మారి ఖదీజా ఇంటికి, ఆమె ద్వారా ముహమ్మద్ దగ్గరికి చేరాడు. ఆయన ఇంకా ప్రవక్త కాలేదు. కన్నతండ్రి హారిసా వెతికీ వెతికీ డబ్బు తీసుకుని మక్కా వచ్చాడు. ముహమ్మద్ డబ్బు అడగలేదు, పిల్లవాణ్ణే ఎంచుకోమన్నాడు. జైద్ ఉండిపోతానన్నాడు. అప్పుడు ఆయన నలుగురి ముందూ ఇతను నా కొడుకు అని ప్రకటించాడు. లోకం జైద్ బిన్ ముహమ్మద్ అంది. ఏళ్ళ తర్వాత మదీనాలో ఆ ఆయత్ దిగింది, అతను మళ్ళీ జైద్ బిన్ హారిసా అయ్యాడు. ప్రేమేమీ తగ్గలేదు. ముతా యుద్ధంలో సైన్యానికి మొదటి నాయకుడిగా పంపింది అతన్నే.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు నాకు జైద్ మీద జాలి కలిగేది, ఇంత పెద్ద పేరు పోగొట్టుకున్నాడే అని. ఎల్లారెడ్డి తండా నుంచి తిరిగొస్తుంటే బస్సులో, లింగంపేట దగ్గర అనుకుంటాను, మొదటిసారి హారిసా గుర్తుకొచ్చాడు. కొడుకు దక్కలేదు, పేరు దక్కింది. తండాలోని ఆమెకు అదీ లేదు. 1999, 2001 నాటి కాగితాల్లో దొంగిలించింది పిల్లల్ని మాత్రమే కాదు, వాళ్ళ వల్దియత్‌ను. మా పాత దస్తావేజుల్లో, బడి రిజిస్టర్లలో, తండ్రి పేరు రాసే గడికి ఉర్దూలో ఆ పేరే. బిడ్డను సాకకండి అని ఆ ఆయత్ ఎక్కడా అనలేదు. సాకండి, అబద్ధం రాయకండి అంటుందని నాకు అర్థమైంది. నేను ఆలిమ్‌ను కాను, నా చదువు ఇంతే.

మావాళ్ళకు కూడా ఒక మాట. ఇదే ఆయత్‌ను చూపించి అనాథను ఇంటికి తేకుండా ఆపిన చాచాలను నేనెరుగుదును. వాళ్ళ బాధ షరియత్ కాదు, వాటా. కావాలంటే బతికుండగానే హిబా రాయొచ్చు, ఆస్తిలో మూడో వంతు దాకా వసియత్ చేయొచ్చు, రెండేళ్ళలోపు బిడ్డకు పాలిస్తే పాలబంధమే ఏర్పడుతుంది. దారులున్నాయి. ఏ జుమ్మా నమాజులోనూ వీటి మీద ప్రసంగం వినలేదు నేను.

చట్టం కథ ఇంకా విచిత్రం. 1956 హిందూ దత్తత చట్టం ముస్లింలను, క్రైస్తవులను, పార్సీలను, యూదులను బయట ఉంచింది. వీళ్ళు బిడ్డను తెచ్చుకోవాలంటే ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే తెచ్చుకోవాలి. అమెరికా నుంచి, స్వీడన్ నుంచి వచ్చిన దంపతులూ అదే చట్టం కింద సంరక్షకులై, బిడ్డను తీసుకుపోయి, తమ దేశంలో దత్తత చేసుకునేవాళ్ళు. అంటే పుట్టిన దేశపు కోర్టులో నేనూ, స్వీడన్‌వాడూ ఒకే తలుపులోంచి లోపలికి పోవాలి! అందరికీ ఒకే దత్తత చట్టం కోసం 1972లో తెచ్చిన బిల్లుకు అడ్డుపడినవాళ్ళలో మా పెద్దలూ ఉన్నారు, అది 1978లో వెనక్కిపోయింది. ముస్లింలను మినహాయించి 1980లో తెచ్చిన బిల్లూ చట్టం కాలేదు. బయట నిలబెట్టిందెవరు, బయటే ఉంటామన్నదెవరు అని నన్నడిగితే రెండు వేళ్ళు చూపించాలి.

జువెనైల్ జస్టిస్ చట్టంతో, 2000లో మొదలై 2006 సవరణతో, ఆ తలుపు మారింది. షబ్నం హాష్మీ కేసులో 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ దారి ఏ మతంవాళ్ళకైనా తెరిచే ఉందని చెప్పింది. అది దారి మాత్రమే, అందరూ అందులోనే నడవాలని లేదు అని కూడా చెప్పింది. దత్తతను ప్రాథమిక హక్కు అనడానికి మాత్రం ఒప్పుకోలేదు. సెక్యులర్ మిత్రులు ఈ తీర్పును ముస్లింలకు దొరికిన విముక్తి అంటారు. సంతోషమే. ఐతే దత్తత అయ్యాక వచ్చే జనన పత్రంలో తల్లిదండ్రుల గడిలో పెంచుకున్నవాళ్ళ పేర్లే ఉంటాయి. దాంతో బిడ్డకు వారసత్వం, భద్రత వస్తాయి, అవి కావాలి. కన్నవాళ్ళ పేరు మాత్రం ఆ గడిలోంచి పోతుంది. పెద్దయ్యాక మూలాలు వెతుక్కోవడానికి నిబంధనల్లో అవకాశం ఉంది, కానీ మొదటి కాగితమే అబద్ధమైతే వెతికేదేముంది? దక్షిణ కొరియాలో ప్రభుత్వం వేసిన సత్యశోధన కమిషన్ 2025 మార్చిలో, విదేశాలకు పంపిన పిల్లల కాగితాలు తారుమారైనట్టు తేల్చింది. 2021లో నెదర్లాండ్స్ ఇటువంటి అక్రమాలు చూసే విదేశీ దత్తతలు నిలిపివేసింది. 2024 సెప్టెంబరులో చైనా విదేశాలకు పిల్లల్ని పంపడం ఆపేసింది. అప్పటికే బిడ్డ ఖాయమై కాచుకున్న కుటుంబాలు కొన్ని అట్లాగే మిగిలిపోయాయి. వాళ్ళ గదుల్నీ ఇప్పుడు నేను తేలిగ్గా తీసుకోలేను.

మన చట్టంలో నాకు నచ్చిన గడువు ఒకటుంది. బిడ్డను వదులుకుంటూ శిశు సంక్షేమ కమిటీ ముందు సంతకం పెట్టిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలలు. ఆ రెండు నెలలూ ఎంత సిద్ధంగా ఉన్న గదైనా ఆగాలి. ఆ తర్వాత కూడా బిడ్డకు ముందు ఈ దేశంలోనే ఇల్లు చూడాలనీ, దొరక్కపోతేనే పరాయి దేశానికి పంపాలనీ లక్ష్మీకాంత్ పాండే కేసులో 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇందువల్లే ఆలస్యం అని ఆపా విసుక్కుంటుంది. తండాలో ముసలామెకు ఆ రెండు నెలలు ఎవరూ ఇవ్వలేదు.

ఆపాకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను, నేను అడిగి సిగ్గుపడిందీ, ఆ ముసలామె అడిగిందీ. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఏజెన్సీ వాళ్ళు ఒక ప్రశ్న అడిగారనీ, తాను దానికి రెండే వాక్యాలు రాసిచ్చాననీ చెప్పింది. బిడ్డకు కన్నవాళ్ళ గురించి ఎప్పుడు, ఏమని చెప్తారు అన్నది ఆ ప్రశ్న. దాన్ని మళ్ళీ రాస్తానంది. బిడ్డతో వచ్చే ప్రతి కాగితమూ, ఖాళీ గడి ఉన్నదైనా సరే, ఒక పెట్టెలో పెట్టి ఆ మంచం కిందే ఉంచుతానంది.

దుల్హే భాయ్‌కు ఇది ఇష్టం లేదు. బిడ్డకు తెలిసిన రోజు వెళ్ళిపోతే, అని ఆయన భయం. జైద్ వెళ్ళలేదు గదా అని ఆపా. అందరూ జైద్‌లు కారు అని ఆయన. ఆ తగువు ఇంకా తేలలేదు. మొన్న మా ఖాలా ఇంకో బొంత మొదలుపెట్టింది, మొదటిది పసిబిడ్డ కొలతకు కుట్టిందట, ఇన్నేళ్ళకు వచ్చే బిడ్డ ఎంత పెద్దదై వస్తుందో అని.