హంతకుడెవరు అను ప్రశ్న

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 21:1–9



మన యౌవనస్థులు నలుగురు కూడినచోట ఈ దినములలో తరచుగా వినబడు సంభాషణ యొకటి కలదు. అమలాపురములో సినిమా చూచి వచ్చినవారైనను సరే, కాలువగట్టున కూర్చుండి ఫోనులో చూచినవారైనను సరే, వారి తర్కము ఒక్కటే. "వాడు కాదురా, మొదట్నుంచీ మంచోడిలా కనపడ్డాడే, వాడే" అని యొకడు. "కాదెహె, తరవాత భాగంలో తేలుద్ది చూడు" అని మరియొకడు. కొబ్బరికాయలు ఒలుచుచున్నప్పుడును ఇదే మాట, బస్సుకొరకు నిలిచియున్నప్పుడును ఇదే మాట. ఇది విని కలవరపడిన తల్లులు, "అయ్యగారూ, పిల్లలు పొద్దస్తమానం చంపినోళ్ల గురించే మాట్లాడుకుంటున్నారండి, ఇది పాపం కాదాండి?" అని అడుగుచున్నారు. అడుగుట మంచిదే. అయితే ఔననియో కాదనియో ఒక్కమాటలో తేల్చదగిన ప్రశ్న కాదిది.

ఎరుగనివారి కొరకు సంగతి కొంచెము వివరించెదము. శైలేష్ కొలనుగారు తీసిన 'హిట్' అను చిత్రముల వరుస ఒకటి కలదు. మొదటిది 2020 ఫిబ్రవరి 28న, రెండవది 2022 డిసెంబరు 2న, మూడవది 2025 మే 1న విడుదలయ్యెను. హత్యలు జరుగకమునుపే అడ్డుకొనుటకు ఏర్పడిన ఒక పోలీసు దళము పేరులోని మొదటి అక్షరములే ఈ 'హిట్'. మొదటి కథ హైదరాబాదులో తప్పిపోయిన అమ్మాయిని గూర్చినది. రెండవది విశాఖపట్టణములో స్త్రీలను వరుసగా చంపినవానిని గూర్చినది. మూడవదానిలో హంతకుడు ఒక్కడు కాడు, హంతకుల గుంపే యున్నది. రెండవదాని చివర నానిగారిని, మూడవదాని చివర కార్తిగారిని చూపి, రాబోవు కథకు వాకిలి తెరచియుంచిరి. మొదటి కథలోని అధికారికి కలిగిన పాతగాయము ఏమిటో పూర్తిగా విప్పక విడిచిరి. కావున చిత్రము ముగిసినను మాట ముగియదు. ముడి విప్పక విడిచిపెట్టుట ఆ వ్యాపారములోని నేర్పు!

పెద్దలు వెంటనే పిల్లలను గద్దింపవద్దని మా మనవి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్ నవలలు చేతులు మారి మారి అట్టలూడిపోయిన కాలము ఎరిగినవారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. తరువాత 1948లో మన రాజోలులోనే పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్‌గారి ధారావాహికలు వచ్చెను. 'తులసిదళము'లోని పసిపిల్ల బ్రతుకునా చచ్చునా అని, వచ్చే వారపు పత్రిక కొరకు ఇంటిల్లపాది ఎదురుచూచిన దినములు కలవు. (చేతబడి అను భయము వలన మన రాష్ట్రములో నిజముగా ఎవరెవరు ప్రాణములు పోగొట్టుకొనిరో, అది వేరుగా వ్రాయవలసిన సంగతి.) తాతలు పత్రికతో చేసినదానినే మనుమలు ఫోనుతో చేయుచున్నారు.

మరియు దాగిన సత్యమును బయటికి లాగవలెనను కోరిక దానంతట అది చెడ్డది కాదు. 1 రాజులు 3వ అధ్యాయములో సాక్షి లేని వ్యాజ్యెము సొలొమోను ఎదుటికి వచ్చెను. ఒక యింట ఇద్దరు స్త్రీలు, ఒక బిడ్డ చనిపోయెను, ఒక బిడ్డ బ్రతికియున్నది, ఇద్దరును తల్లులమే యనుచున్నారు. దానిని చదువునప్పుడు మనమును లోపల ఊహించుచునే యుందుము గదా! దుష్టత్వము ముఖముమీద వ్రాసియుండదని ఈ కథలు నేర్పుచున్న పక్షమున అదియు వ్యర్థము కాదు. 2019 నవంబరులో ఏలూరులో పట్టుబడిన ఒకడు, ప్రసాదములోను మందులోను సైనైడు కలిపి, కృష్ణా, ఉభయగోదావరి జిల్లాలలో 20 నెలలలో 10 మందిని చంపెనని పోలీసువారు ప్రకటించిరి. చనిపోయినవారు వానిని నమ్మినవారే. గుండె ఆగినదనుకొని కొందరిని సమాధి చేసిరి. నగలును రొక్కమును కనబడకపోవుట వలన గాని అది హత్యయని చివరి మృతుని ఇంటివారికి అనుమానము రాలేదు. సినిమాలో ప్రతి ముఖమును అనుమానించుచున్నాము. ఇక్కడ ఒక్కనినైనను ఎవరును అనుమానించలేదు.

మరి చిక్కు ఎక్కడనున్నది? రెండవ 'హిట్' చూచిన యౌవనస్థుని అడిగి చూడుడి. హంతకుని వేషము వేసినదెవరో వెంటనే చెప్పును. వాడు అట్లు మారుటకు వాని బాల్యములో ఏమి జరిగెనో అదియు చెప్పును. చంపబడిన స్త్రీలెవరు అని అడుగుడి. ఆ కథలో దొరికిన దేహము ఒకతెది కాదు. తల ఒకతెది, తక్కిన అవయవములు వేరువేరు స్త్రీలవి. తల ఎవరిదో కొందరు చెప్పుదురు. మిగిలినవారి పేర్లు నోటికి రావు. ఆ కథ అల్లబడిన తీరు అట్టిది. ముడి విప్పుటకు వారు ఆనవాళ్లుగా పనికివచ్చిరి, అంతే.

న్యాయాధిపతులు 19వ అధ్యాయములో ఇట్టి కథయే కలదు. బేత్లెహేము నుండి వచ్చిన ఒక స్త్రీని గిబియావారు రాత్రియంతయు చెరిపి చంపిరి. ఆమె భర్తయైన లేవీయుడు ఆమె దేహమును 12 ముక్కలుగా కోసి ఇశ్రాయేలు గోత్రములన్నిటికి పంపెను. ఆమె పేరు ఆ గ్రంథములో ఎక్కడను లేదు. ఆమెను బయటికి నెట్టినవాడు తన భర్తయే యని లేఖనము దాచలేదు గాని, సమాజము ఎదుట మాటలాడినప్పుడు అతడు ఆ సంగతి దాచెను. తరువాత జనులకు కోపము మండెను. బెన్యామీనీయులలో 25 వేల మంది కూలిరి. మిగిలిన 600 మందికి భార్యలు కావలెనని, యాబేష్గిలాదును హతముచేసి 400 మంది కన్యకలను తెచ్చిరి, చాలనందున షిలోహు నాట్యములో నుండి మరికొందరిని ఎత్తుకొనిపోయిరి. ఒక స్త్రీకి జరిగిన అన్యాయమునకు పగతీర్చబోయి వందలాది ఆడపిల్లలను చెరపట్టిరి! మూడవ 'హిట్'లో అధికారి హంతకుల గుంపులో చేరుటకై తానే చంపుచుండగా చప్పట్లు మ్రోగిన సంగతి విన్నప్పుడు మాకు ఈ అధ్యాయములు జ్ఞాపకమునకు వచ్చినవి.

బైబిలులోని మొదటి హత్యలో హంతకుడెవరో వెతుకవలసిన పని లేదు. కయీను పేరు ముందే చెప్పబడెను. దేవుడు కయీనును అడిగినది నీ తమ్ముడెక్కడ అనియే. ప్రశ్న చనిపోయినవాని వైపు తిరిగియున్నది.

ఇక హంతకుడు నిజముగా ఎవరికిని తెలియనప్పుడు ఏమి చేయవలెను? మన ధ్యానభాగము దానికొరకే యున్నది. పొలములో ఒకని శవము కనబడినది, చంపినవాడు తెలియలేదు. ధర్మశాస్త్రము ఊహలు చేయుమనలేదు. పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, శవమునుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. ఏ ఊరు దగ్గరయో ఆ ఊరి పెద్దలు పెయ్యను తీసికొని, దున్నని విత్తని ఏటి లోయలోనికి దిగి, దాని మెడ విరిచి, చేతులు కడుగుకొని, ఈ రక్తము మేము చిందించలేదు, మేము చూడలేదు అని దేవుని ఎదుట చెప్పవలెను. ఆ మాట చెప్పుటకు ధైర్యము చాలవలెను గదా! బాటసారికి మన ఊరిలో ఆశ్రయము దొరకెనా, వాడు చీకటిలో ఒంటరిగా పోవుచుండగా ఎవరైన చూచి ఊరకుండిరా అని విచారింపక అట్లు చెప్పుట ఎట్లు?

మన కోనసీమలో దీనికి విరుద్ధమైన అలవాటొకటి కలదని పెద్దలు చెప్పుకొనగా విన్నాము. కాలువలో గుర్తుతెలియని శవము కొట్టుకొనివచ్చినప్పుడు, "కేసు మన హద్దులో పడుద్ది" అను భయముచేత గెడతో దిగువకు నెట్టెడివారట. అక్కడను కొలత జరిగెను. దగ్గరగుటకు గాదు, దూరమగుటకు.

తెలంగాణలోని హాజీపూరు సంగతి పలువురికి జ్ఞాపకముండును. 2019 ఏప్రిలులో బడినుండి వచ్చుచున్న ఒక బాలిక కనబడలేదు. ఆమె శవము పాడుబడిన బావిలో దొరకెను. తరువాత మరి ఇద్దరు బాలికల అవశేషములు బయటపడినవి. వారిలో ఒకతె 2015లోనే తప్పిపోయినది. నాలుగేండ్లు ఆ బావి అక్కడనే, ఆ ఊళ్లు అక్కడనే యున్నవి. బస్సు లేని దారిలో నడచు పిల్లను ఒకడు బండిమీద ఎక్కించుకొనెను. 2020 ఫిబ్రవరి 6న నల్గొండ న్యాయస్థానము వానికి మరణశిక్ష విధించెను. మొదటి 'హిట్' విడుదలైనది అదే నెలలో. హంతకుడెవరో తేలిన తరువాత ఆ తలిదండ్రులు అడిగినవి బస్సును, దారిని గూర్చినవి.

కావున యౌవనస్థులను కథలు మానుమని మేము ఆజ్ఞాపించుట లేదు. ఈ నెల కూటములలో ఈ 9 వచనములు చదివిన తరువాత, ఒకరిద్దరు సైకిళ్లు తీసికొని మన ఊరినుండి బడివరకును, రేవువరకును ఉన్న దూరము కొలిచి రావలెనని కోరుచున్నాము. సాయంకాలము కాలేజీ విడిచిన తరువాత లంకకు పోవు పిల్లలకు చివరి పడవ ఎన్ని గంటలకో, గట్టుమీద దీపము వెలుగుచున్నదో లేదో, దారిలో మూతలేని బావులు ఎన్ని కలవో, వ్రాసి తెచ్చి సంఘపెద్దల చేతికి ఇయ్యుడి.