గోడ మీది ఫోటో

 

కడప జిల్లా నుంచి ఒక సోదరి ఒక ప్రశ్న పంపారు. ఆమె భర్త చాలా ఏళ్ళు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి అక్కడే చనిపోయారు. ఖననం కూడా అక్కడే జరిగింది. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన లుంగీ కట్టుకుని వాకిట్లో కూర్చుని, చిన్నకొడుకుతో కలిసి సైకిలు తుడుస్తుంటే ఎవరో ఫోటో తీశారు. దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించారు. ఆ పిల్లవాడు రోజూ బడికి వెళ్ళేముందు దాని ఎదుట నిలబడి 'అబ్బా, సలాం' అంటాడు. ఇంటికొచ్చిన పెద్దాయన ఒకరు దాన్ని తీసేయమన్నారు. "తీసేస్తే వాడికి తండ్రి లేకుండా చేసినట్టు కాదా?" అని ఆ తల్లి అడుగుతోంది.

అసలు ఫోటో తీయడం గురించే పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ అది నీడను పట్టి ఉంచడమే తప్ప రూపాన్ని సృష్టించడం కాదన్నారు. సౌదీలో షేఖ్ ఇబ్నె బాజ్, మన ఉపఖండంలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ అదీ చిత్రమేనన్నారు. పాస్‌పోర్టు వంటి అవసరం వేరు. అయితే ఈ సోదరి అడిగింది తీయడం గురించి కాదు, తగిలించడం గురించి. కెమెరా విషయంలో మెతకగా ఉన్న షేఖ్ ఇబ్నె ఉసైమీన్ సైతం గోడకు తగిలించడాన్ని ఒప్పుకోలేదు.

ఎందుకు? హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి ఇంట్లోని అరకు బొమ్మలున్న తెర కట్టారు. ప్రయాణం నుంచి తిరిగివచ్చిన దైవప్రవక్త (సల్లం) ఆ తెరను చూడగానే ఆయన ముఖం రంగు మారింది. దాన్ని లాగేశారు. తర్వాత ఆమె ఆ గుడ్డతోనే ఒకటో రెండో దిండ్లు కుట్టుకున్నారు. ఇది బుఖారీలో ఉంది. గుడ్డ అదే, మారింది దాని స్థానం. (బొమ్మల దిండును చూసి ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయారని మరో ఉల్లేఖనం ఉంది. అందువల్ల దిండుపై కూడా వద్దన్న పండితులున్నారు.) చిత్రాలున్న ఇంట్లోకి దైవదూతలు ప్రవేశించరన్న హదీసు మనందరం విన్నదే.

నూహ్ (అలైహిస్సలాం) జాతి సంగతి కూడా గుర్తు చేసుకోండి. వద్, సువా, యగూస్, యఊఖ్, నస్ర్ అన్న పేర్లు ఖుర్ఆన్‌లోని 71వ సూరాలో ఉన్నాయి. వాళ్ళు సజ్జనులనీ, చనిపోయాక వాళ్ళు కూర్చునే చోట్లలో జనం ప్రతిమలు నిలిపారనీ హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. నిలిపినవాళ్ళు పూజించలేదు. వాళ్ళూ పోయి, జ్ఞానం మరుగయ్యాక వచ్చినవాళ్ళు పూజించారు. మొదటి తరానిది వట్టి బెంగే! మన ఊళ్ళలో చనిపోయినవారి ఫోటోకు దండ వేసి దీపం పెట్టడం రోజూ చూస్తాం. మన ఇళ్ళలోనూ కొన్నిచోట్ల పండగనాడు ఫోటోకు పూలు పెడుతున్నారు. వద్దనడానికి మనసు రాక పెద్దవాళ్ళు ఊరుకుంటున్నారు.

అమ్మా! మీ బాధ తప్పని ఎవరూ అనరు. హజ్రత్ ఖదీజా (రజి) పోయిన ఎన్నో ఏళ్ళకు కూడా దైవప్రవక్త (సల్లం) ఆమెను మరవలేదు. ఇంట్లో మేకను కోస్తే ఆమె స్నేహితురాళ్ళకు మాంసం పంపేవారు. 624లో బద్ర్ యుద్ధం తర్వాత ఖైదీగా దొరికిన భర్తను విడిపించుకోవడానికి ఆయన కుమార్తె జైనబ్ (రజి) మక్కా నుంచి పరిహారంగా ఒక హారం పంపారు. అది జైనబ్ పెళ్ళికి తల్లి ఖదీజా ఇచ్చిన హారం. దాన్ని చూడగానే ఆయన మనసు కరిగిపోయింది. సహచరులను అడిగి, వారు ఒప్పుకున్నాక, ఖైదీని విడిచిపెట్టించి హారాన్ని కూతురికి తిరిగి పంపించారు. పోయినవారి వస్తువు చూసి గుండె బరువెక్కడం, దాన్ని భద్రంగా ఉంచుకోవాలనుకోవడం మన ధర్మంలో నేరం కాదు.

అందుకని ఆ సైకిలును ఉంచండి. ఆయన చేతిగడియారం, జానిమాజ్ పిల్లవాడికి ఇవ్వండి. ఆయన స్నేహితుల ఇళ్ళకు బక్రీదునాడు మాంసం పట్టుకెళ్ళడం వాడి పనిగా అప్పగించండి. మనిషి చనిపోయాక కూడా అతనికి చేరేవాటిలో మంచి సంతానం చేసే దుఆ ఒకటని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. వాడు ఫోటోకు చెప్పే సలాం గోడ దగ్గరే ఆగిపోతుంది. దాని బదులు 'అల్లాహ్, మా అబ్బాను క్షమించు' అనడం నేర్పండి. అది కువైట్‌లోని ఆ సమాధి దాకా వెళుతుంది.

ఫోటోను వాడి కళ్ళెదుట చించవద్దు. దాన్ని పెట్టెలో దాచుకోవడం కూడా కొందరు పండితులు ఒప్పుకోరు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. నా మటుకు, ముందు గోడ మీంచి దించి, మిగతాది నిదానంగా తేల్చుకొమ్మంటాను. దించే రోజున ఎందుకు దించుతున్నారో వాడికి చెప్పి, వాడి చేతే దింపించండి.

ఆయన సెల్‌ఫోన్‌లో పంపిన మాటలు ఇంకా ఉన్నాయనీ, పిల్లవాడికి వినిపించవచ్చా అనీ చివర్లో అడిగారు. ఈ నిషేధం గొంతుకు వర్తించదు. వినిపించండమ్మా.