ఉపవాసము – దేహపు గిడ్డంగి



పర్యూషణ పర్వము సమీపించగనే కవరైపేట్టై వంటి ఊళ్ళలోని మన ఇండ్లలో "ఈ యేడు అఠాయి ఎవరు పట్టుచున్నారు?" అను మాట మొదలగును. ఎనిమిది దినములు అన్నము లేదు. కాచి చల్లార్చిన నీరు మాత్రమే, అదియు సూర్యాస్తమయమునకు లోపలనే. పారణ పిమ్మట జి.ఎన్.టి. రోడ్డు వెంట దక్షిణముగా పోయి పుళల్ కేసర్‌వాడిలో ఆదినాథస్వామిని సేవించి వచ్చువారు కలరు. ఆ నడుమ ఏదో యొకనాడు పసివాడు అడుగును: "అవ్వా, ఏమీ తినకుండా ఎట్లా నడుస్తున్నావు?"

"ధర్మబలము నాయనా" అని అవ్వ నవ్వి ఊరకుండును. ఆ మాట అబద్ధము కాదు. అయినను దేహము చెప్పు జవాబు వేరొకటి కలదు. అది వర్తకులకు సులభముగా బోధపడును.

దుకాణమున ముందు గల్లాపెట్టె, వెనుక గిడ్డంగి యుండును. దేహమునకు గల్లాపెట్టె కాలేయము. అందు నిలువయుండు గ్లైకోజెన్ అను పిండిపదార్థము సుమారు 100 గ్రాములే. ఒక దినపు ఉపవాసముతో దాదాపు ఖాళీ యగును. అప్పుడు గిడ్డంగి తెరువవలెను. చర్మము క్రిందను, కడుపులోను పేరుకొన్న కొవ్వే ఆ గిడ్డంగి. భోజనము చేసినప్పుడెల్ల ఇన్సులిన్ అను రసము దానికి తాళము వేయును; అన్నము మానగానే ఇన్సులిన్ తగ్గి తాళము వదులగును. కొవ్వు విడిపోయి గ్లిసరాలు, కొవ్వు ఆమ్లములు రక్తములోనికి వచ్చును. గుండె, కండరములు ఆ ఆమ్లములను నేరుగా కాల్చుకొనును. గ్రాము కొవ్వు 9 కేలరీల శక్తినిచ్చును; గ్రాము పిండిపదార్థము 4 మాత్రమే.

మెదడు ఈ ఆమ్లములతో నడువదు. దానికొరకు కాలేయము వాటిని కీటోన్లుగా మార్చి పంపును. ఉపవాసి నోట వచ్చు ఒక విధమైన వాసన వీటివలననే. వారముల తరబడి ఉపవసించిన స్థూలకాయులను అమెరికాలో ఓవెన్, కాహిల్ మొదలగు వైద్యులు పరీక్షించి, మెదడునకు అధికభాగము శక్తి కీటోన్లనుండియే లభించుచున్నదని 1967లో ప్రకటించిరి.

కరిగిన కొవ్వు ఎక్కడికి పోవును? చెమటగా పోవునని చాలమంది తలంతురు. కాదు. 2014లో ఆస్ట్రేలియాలో మీర్మన్, బ్రౌన్ వేసిన లెక్క ప్రకారము 10 కిలోల కొవ్వులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువై ఊపిరితో వెలువడును, తక్కిన 1.6 కిలోలు నీరగును. సామాయికమున కదలక కూర్చున్న అవ్వ విడుచు ప్రతి శ్వాసలోను ఆ గిడ్డంగి సరుకు కొంత బయటికి పోవుచున్నదన్నమాట.

అయితే తక్కెడలో తగ్గినది కొవ్వే గాని కర్మ కాదు. మొదటి దినములలో తగ్గునది చాలవరకు నీరే. "నాలుగు కిలోలు తగ్గితిని" అని చెప్పుకొని తిరుగుట తపస్సును తూకమునకు అమ్ముట.

గిడ్డంగి అందరికి ఒక్కటిగా నుండదు. మొదటినుండియు కొంచెము కండ ఖర్చగుచునే యుండును. కొవ్వు అడుగంటిన పిమ్మట దేహము దుకాణపు దూలములనే ఊడదీసి అమ్ముకొనును. గుండె కండరమును విడువదు. ఈ రోడ్డు చేరు చెన్నపట్టణముననే, మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట, 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష పూని, 58 దినములకు డిసెంబరు 15 రాత్రి కన్నుమూసిరి. అది ఆంధ్రరాష్ట్రము కొరకు ప్రాణమొడ్డిన దీక్ష. అఠాయి అట్టిది కాదు.

మధుమేహము గలవారి సంగతి మరియు కష్టము. మందు వాడుచు ఉపవసించినచో రక్తములో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. ఇన్సులిన్ సూదితోనే బ్రదుకువారు అది పూర్తిగా మానిరా, గిడ్డంగికి తాళమే యుండదు. కీటోన్లు హద్దుమీరి రక్తము పులిసి ప్రాణాపాయమగును. "ఏటేటా పట్టి ఈ యేడు మానితే నలుగురేమందురో" అని మాత్రలు కొంగున దాచుకొను తల్లులు కలరు. వారిని ముందుగా వైద్యుని యొద్దకు తీసికొని పోవలసినది కొడుకులు, కోడండ్రు. అహింస తన దేహమునకు వర్తింపదని ఎవరు చెప్పిరి? అనశనమొక్కటే తపస్సు కాదు. ఊనోదరి, రసపరిత్యాగము సైతము ఆరు బాహ్య తపస్సులలోనివే.

ఇక పారణ. బంధువులు మిఠాయి పళ్ళెములతో ఎదురువత్తురు. దీర్ఘోపవాసము పిమ్మట ఒక్కసారిగా తీపి పడినచో ఇన్సులిన్ పైకి లేచి రక్తములోని ఫాస్ఫేటు, పొటాసియములను కణములలోనికి లాగివేయును, గుండె తడబడవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసినప్పుడు ఆకలితో చిక్కిన బందీలు కొందరు కడుపునిండ తిని ఇట్లే మరణించిరి. పెద్దలు పెట్టిన వాడుక పెసరకట్టు, పలుచని జావ, అదియు కొంచెము కొంచెముగా. మిఠాయి రెండు దినములు ఆగినంతలో చెడిపోదు.